ఆ చేతికి పర్మిటుందా?

ఇల్లు కట్టాలంటే ముందు స్థలం చూపిస్తారు. ఈశాన్యం పెరిగిందా, నైరుతి తగ్గిందా అని వాస్తు పండితుణ్ని అడుగుతారు. శంకుస్థాపనకి ఓ ముహూర్తం, ద్వారబంధం నిలబెట్టడానికి మరో ముహూర్తం. ఇసుక ఏ రేవుదో, సిమెంటు ఏ కంపెనీదో ఆరా తీస్తారు. గుమ్మానికి టేకు మంచిదా, వేప మంచిదా అని పదిమందినీ అడిగి మరీ కొంటారు. తీరా గోడల్లో కరెంటు తీగలు లాగే మనిషి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ ప్రశ్నలన్నీ అయిపోతాయి. ‘మన ఊరి కుర్రాడేనండి, పని బాగా చేస్తాడు, ఆయ్’ అని పక్కింటాయన ఒక్క మాట చెబితే చాలు. ‘పర్మిటుందా బాబూ?’ అని అడిగే ఇల్లు అమలాపురంలోనైనా, రాజోలులోనైనా, కొత్తపేటలోనైనా అరుదే.

అడిగితే ఆ కుర్రాడు నొచ్చుకుంటాడేమోనని మొహమాటం. పైగా వాళ్ల నాన్న తెలిసినవాడో, వాళ్ల బాబాయి వరసకి అన్నయ్యో అయి ఉంటాడు. అసలు అలాంటి కాగితం ఒకటుంటుందనే చాలా ఇళ్లలో తెలియదు. గోడ బీటలిస్తే కంటికి కనిపిస్తుంది. తలుపు బిగుసుకుంటే చేతికి తెలుస్తుంది. స్లాబు పైపులో తీగ ఎలా ఉందో ఎవరికీ కనిపించదు. అది తెలిసే రోజు వచ్చిందంటే, ఆరోజు ఇంట్లో ఎవరికో షాక్ కొట్టిందన్నమాటే! జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం దేశంలో ఒక్క 2021లోనే 12 వేల మందికి పైగా కరెంటు షాక్‌తో ప్రాణాలు పోగొట్టుకున్నారు.

బల్బు మార్చుకోవచ్చు... లైను లాగకూడదు!

ఇంట్లో కరెంటు పని ఎవరు చేయాలన్నది నిన్నమొన్న పుట్టిన నిబంధన కాదు. 1956 నాటి భారత విద్యుత్ నిబంధనల్లోనే 45వ నిబంధనగా ఉంది. 2003లో కొత్త విద్యుత్ చట్టం వచ్చాక, కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో భద్రతా నిబంధనలు తెచ్చింది. 2023లో వాటి స్థానంలో మరో కొత్త పుస్తకం వచ్చింది. పుస్తకాలు మారినా మూలసూత్రం మాత్రం మారలేదు.

ఆ సూత్రం ప్రకారం ఒక వైరింగు పనికి ముగ్గురు జవాబుదారులు ఉండాలి. పని ఒప్పుకునే కాంట్రాక్టరుకి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సు ఉండాలి. దగ్గరుండి చేయించే సూపర్‌వైజరుకి యోగ్యతా సర్టిఫికెట్ ఉండాలి. తీగ పట్టుకునే వైర్‌మన్‌కి పర్మిటు ఉండాలి. మన రాష్ట్రంలో వీటిని ఇచ్చేది ఆంధ్రప్రదేశ్ ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు.

అలాగని ఫ్యూజు పోయిన ప్రతిసారీ పర్మిటున్న మనిషి కోసం వెతకమని చట్టం చెప్పలేదు. ఇంట్లో బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చి లాంటివి పాతవి తీసి అలాంటివే కొత్తవి బిగించుకోవడానికి మినహాయింపు ఉంది. ఉన్న వైరింగు సామర్థ్యం గానీ, తీరు గానీ మారకూడదు... అంతే! పాత ఫ్యాను తీసి కొత్త ఫ్యాను పెట్టడం ఒకటి. ఆ గదిలోకి ఏసీ కోసం కొత్త లైను లాగడం వేరొకటి. మొదటిది ఇంటివాళ్ల పని. రెండోది పర్మిటున్నవాడి పని.

ఎందుకంటే ఫ్యాన్లకీ లైట్లకీ సాధారణంగా ఒకటి, ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల వైరు లాగుతారు. టన్నున్నర ఏసీ, రెండు కిలోవాట్ల గీజరు ఒక్కోటీ ఏడెనిమిది ఆంపియర్ల పైమాటే లాగుతాయి. వాటికి మెయిన్ బోర్డు నుంచే విడిగా నాలుగు చదరపు మిల్లీమీటర్ల వైరు తేవడం పద్ధతి. అలా కాకుండా పక్కనున్న ప్లగ్గు లోంచి కలిపేస్తే ఆ రోజుకి ఏసీ చల్లగానే తిరుగుతుంది. గోడలో ఉన్న జాయింటు మాత్రం వేడెక్కుతూ ఉంటుంది.

నీళ్ల నడుమ కరెంటు

కోనసీమకి ఓ పక్క గౌతమి, మరో పక్క వసిష్ఠ, మధ్యలో వైనతేయ, దిగువన బంగాళాఖాతం. ఇవి చాలవన్నట్టు కాలువలు, బోదెలు, చెరువులు. పెరట్లో నుయ్యి, నుయ్యి పక్కన మోటారు, మోటారు పక్కన అంట్లు తోమే తడి నేల. ఇంత తడి ఉన్నచోట కరెంటు పనిలో చిన్న పొరపాటుకి కూడా క్షమాపణ ఉండదు.

ఎంత కరెంటు ఒంట్లోంచి పోతే ప్రమాదం? లెక్కకి చాలా చిన్నదే. 10 వాట్ల ఎల్‌ఈడీ బల్బు తీసుకునేది సుమారు 40 మిల్లీ ఆంపియర్లు. గుండెని ఆపడానికి ఆ మాత్రం చాలు. ఇంటి మెయిన్ బోర్డులో ఉండే 16 ఆంపియర్ల ఎంసీబీ దీన్ని పట్టించుకోదు. అది తీగని కాపాడటానికి పెట్టింది, మనిషిని కాదు. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. వెళ్లిన కరెంటు అంతా తిరిగి రాకుండా ఎటో నేలలోకి పోతోందని కనిపెట్టగానే అది సరఫరా ఆపేస్తుంది. ఇళ్లలో మనుషుల రక్షణకి పెట్టేది 30 మిల్లీ ఆంపియర్లకే పడిపోయే రకం. ఎంసీబీ ఉంది కదా అని ధీమాగా ఉండే ఇళ్లు ఎన్నో. ఈ తేడా చెప్పగలిగినవాడే అసలైన కరెంటు మేస్త్రీ.

అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలి ఇనప పెట్టెల్నీ ఎర్తింగు కడ్డీల్నీ తినేస్తుంది. ఇంటి ముందు ఎర్తు గొయ్యి తవ్వి ఉప్పు, బొగ్గు వేసి మూసేస్తే జన్మంతా పనిచేస్తుందనుకోవడం పొరపాటు. దాన్ని ఎప్పటికప్పుడు కొలిచి చూడాలి.

ఇక రొయ్యల చెరువులు. రాత్రీ పగలూ తిరిగే ఏరియేటర్లు, గట్ల మీద పాకే కేబుళ్లు, నడుం లోతు నీళ్లలో దిగే మనుషులు. త్రీఫేజు మోటారు బాడీకి రెండు వేర్వేరు ఎర్తులు ఇవ్వాలన్నది నిబంధన. ఒకటి తెగినా రెండోది కాపాడుతుందని. చాలామంది ఖర్చనుకునే ఆ రెండో తీగే, చెరువులో దిగిన కూలీకి దిక్కు.

వీటన్నిటికీ తోడు తుపాన్లు. 1996 నవంబరు 6 రాత్రిని కోనసీమ పెద్దలు ఇప్పటికీ మరిచిపోలేదు. వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసిన ఆ తుపానులో కొబ్బరి చెట్లు లక్షల్లో కూలాయి. స్తంభాలు విరిగి ఊళ్లకు ఊళ్లే చీకట్లో ఉండిపోయాయి. ఇప్పుడు గాలివాన వస్తే చాలా ఇళ్లలో, చెరువుల దగ్గర జనరేటర్లు మొదలవుతాయి. అక్కడే ఉంది కంటికి కనిపించని ప్రమాదం.

చేంజోవర్ స్విచ్ లేకుండా జనరేటరు వైరుని ప్లగ్గులో గుచ్చితే ఇల్లంతా వెలుగుతుంది. ఆ కరెంటు అక్కడితో ఆగదు. మెయిన్ తీయకపోతే మీటరు దాటి, సర్వీసు వైరు మీదుగా ఊరి లైన్లోకి వెళుతుంది. ట్రాన్స్‌ఫార్మరులో వెనక్కి నడిచి వేల వోల్టులుగా మారుతుంది. లైన్ క్లియర్ తీసుకున్నాం, సరఫరా లేదు అన్న నమ్మకంతో స్తంభమెక్కిన లైన్‌మన్ చేతికి అది తగులుతుంది. ఎవరింట్లోనో చేసిన తప్పుకి స్తంభం మీద ఉన్న ఇంకెవరో బలవుతారు. కరెంటు పనికి పర్మిటు కావాలనడంలో అంతరార్థం ఇదే. ఇల్లు సొంతమే కావచ్చు, అందులోని కరెంటు మాత్రం ఊరందరిదీ.

చేతి నుంచి చేతికి...

అయితే పర్మిటు లేనివాళ్లందరికీ పని రాదనుకుంటే తప్పే. పల్లెల్లో ఈ విద్య చేతి నుంచి చేతికి వస్తుంది. పదో తరగతి తప్పిన కుర్రాడు వరసకి బాబాయి అయ్యే మేస్త్రీ వెనక సంచి మోస్తూ మొదలవుతాడు. ముందు గోడకి గాడి కొట్టడం, స్లాబుకి పైపులు పరచడం. తర్వాత తీగలు లాగడం. నాలుగైదేళ్లకి బోర్డు బిగించడం వస్తుంది. మోటారు చప్పుడు విని జబ్బేమిటో చెప్పేవాళ్లున్నారు. పెళ్లి ఇంట్లో అర్ధరాత్రి కరెంటు పోతే చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చేవాళ్లున్నారు. ఊరు వాళ్లని నమ్ముతుందంటే ఊరికే కాదు.

చిక్కేమిటంటే గురువుకి తెలియనిది శిష్యుడికీ తెలియదు. స్విచ్చిని ఫేజు తీగకి కాకుండా న్యూట్రల్‌కి వేసినా లైటు వెలుగుతుంది, ఆరుతుంది. కానీ ఆరిపోయిన లైటు హోల్డరులో కరెంటు అలాగే ఉంటుంది. స్విచ్చి ఆపాను కదా అని స్టూలెక్కి బల్బు విప్పే ఇంటాయనకి ఆ సంగతి తెలియదు. మూడు రంధ్రాల ప్లగ్గులో పై రంధ్రానికి ఆకుపచ్చ తీగ రాకపోయినా ఫ్రిజ్ పనిచేస్తుంది. ఎర్తుని తీసుకెళ్లి న్యూట్రల్‌కే కలిపేసినా మిక్సీ తిరుగుతుంది. ‘వెలిగింది కదా’ అన్నదే పరీక్ష అయితే ఇవన్నీ పాసైపోతాయి. చదువు, పరీక్ష, పర్మిటు అన్నవి ఆ ‘వెలిగింది కదా’ దగ్గర ఆగకుండా చూడటానికే.

పర్మిటు లేకపోవడం వల్ల ఆ పనివాడికి జరిగే నష్టం కూడా తక్కువేం కాదు. ఇరవై ఏళ్లు చేసినా సొంత పేరు మీద పని ఒప్పుకోలేడు. రోజుకూలీ దగ్గరే ఉండిపోతాడు. అపార్ట్‌మెంటు పని వచ్చినా, పాఠశాల భవనం పని వచ్చినా లైసెన్సున్నవాడి కింద చేయాల్సిందే. ప్రమాదం జరిగితే మాత్రం ముందు వేలు చూపించేది అతనివైపే.

కాగితానికి దారులు

పదో తరగతి పాసైన కుర్రాళ్లకి తిన్నని దారి ఐటీఐ. ఎలక్ట్రీషియన్ ట్రేడు గానీ, వైర్‌మన్ ట్రేడు గానీ రెండేళ్లు. జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్ చేతికొస్తుంది. ఆ తర్వాత 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద ఏదైనా సంస్థలో అప్రెంటిస్‌గా చేరితే స్టైపెండుతో పాటు అనుభవమూ, దానికి మరో జాతీయ సర్టిఫికెట్టూ వస్తాయి. వీటితో వైర్‌మన్ పర్మిటుకి బోర్డుని ఆశ్రయించడం తేలిక. ఎలక్ట్రికల్ డిప్లొమా, ఇంజినీరింగ్ చదివినవాళ్లకి సూపర్‌వైజరు సర్టిఫికెట్ దగ్గరి దారి.

బడి మానేసి పనిలో పడ్డవాళ్లకీ తలుపు మూసేయలేదు. అనుభవం ఉన్నవాళ్ల కోసం బోర్డు వైర్‌మన్ పరీక్షలున్నాయి. నోటిఫికేషను ఎప్పుడొస్తుందో, అర్హతలేమిటో ఎప్పటికప్పుడు విద్యుత్ భద్రతా విభాగం కార్యాలయంలో కనుక్కోవాలి. పర్మిటు వచ్చాక కూడా గడువు చూసుకుని రెన్యువల్ చేయించుకోవాలి.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో, పని ముందే వచ్చినవాళ్ల నైపుణ్యాన్ని పరీక్షించి గుర్తింపునిచ్చే ఏర్పాటు ఉంది. ఆ సర్టిఫికెట్ మంచిదే. ఉద్యోగానికి వెళ్లినచోట విలువ ఉంటుంది. కానీ అది నైపుణ్యానికి గుర్తింపు మాత్రమే, వైరింగు పర్మిటు కాదు. అలాగే వైర్‌మన్ పర్మిటు ఉన్నంత మాత్రాన వీధి స్తంభమెక్కే హక్కు రాదు. మీటరుకి ఇవతల వైరింగు అతని పని. అవతల లైను, ట్రాన్స్‌ఫార్మరు విద్యుత్ పంపిణీ సంస్థవి. కోనసీమలో అది ఈపీడీసీఎల్. చేలో మోటారు ఆగిపోయిందని ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఫ్యూజు వేయబోయి ప్రాణాలు పోగొట్టుకున్న రైతుల కథలు రాష్ట్రమంతా విన్నవే. ఫ్యూజు పోతే 1912కి ఫోన్ చేయాలి. లైన్‌మన్ వచ్చేదాకా ఆగాలి.

ఈ చదువుకి సర్కారు కొలువుల్లోనూ గిరాకీ ఉంది. 2019లో గ్రామ, వార్డు సచివాలయాల కోసం డిస్కమ్‌లు సుమారు 8 వేల ఎనర్జీ అసిస్టెంట్ల పోస్టులకి నోటిఫికేషన్లిచ్చినప్పుడు ఐటీఐ ఎలక్ట్రికల్, వైర్‌మన్ ట్రేడులవాళ్లకి అవకాశం వచ్చింది. మార్కులతోపాటు స్తంభమెక్కి చూపించాల్సి వచ్చింది కూడా!

సంతకం ఒకరిది... పని ఒకరిది

కొత్త ఇంటికి మీటరు కావాలంటే వైరింగు పూర్తయిందనీ, పరీక్షించి చూశామనీ లైసెన్సున్న కాంట్రాక్టరు రిపోర్టు ఇవ్వాలి. ఆ రిపోర్టు వెనక ఒక అసలైన పరీక్ష ఉంది. మెగ్గర్ అనే పరికరంతో తీగకీ ఎర్తుకీ మధ్య 500 వోల్టులు ఒక్క నిమిషం పాటు ఇచ్చి చూడాలి. ఇన్సులేషన్ నిరోధం కనీసం ఒక మెగా ఓం ఉండాలి. అంతకన్నా తగ్గిందంటే గోడలో ఎక్కడో తీగ తోలు లేచిందనో, తడి చేరిందనో అర్థం. గోడకి రంగులు వేయకముందే తెలిస్తే బాగుచేయడం తేలిక.

ఆ ఒక్క నిమిషం జరగకుండానే రిపోర్టు మీద సంతకం పడిపోతే? పని చేసింది ఊళ్లో మేస్త్రీ, సంతకం పెట్టింది ఇల్లెక్కడో కూడా చూడని కాంట్రాక్టరు అయితే? మీటరు వస్తుంది, లైట్లూ వెలుగుతాయి. రేపు ఏదైనా జరిగితే మాత్రం చేసినవాడి పేరు కాగితంలో ఉండదు, కాగితంలో ఉన్నవాడికి ఆ ఇంట్లో ఏ తీగ ఎటు పోతుందో తెలియదు. అందుకే సంతకం కోసం ఇచ్చే డబ్బుకి ఆ నిమిషం పరీక్షని కళ్లముందు చేయించుకోవడం ఇంటివాళ్ల హక్కు. లైసెన్సు పొందాలంటే కాంట్రాక్టరు తన దగ్గర సూపర్‌వైజరు, వైర్‌మెన్, మెగ్గర్, ఎర్త్ టెస్టర్ లాంటివి ఉన్నాయని చూపించాలి. ఉన్నప్పుడు తెచ్చి చూడటానికి అభ్యంతరమేముంటుంది!

తీర్థానికీ ఓ నిబంధన

సంక్రాంతి వచ్చిందంటే కోనసీమలో ప్రభల సందడి. కనుమనాడు జగ్గన్నతోట తీర్థానికి జనం పోటెత్తుతారు. 2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీ కర్తవ్యపథ్‌లో మన రాష్ట్ర శకటంగా నడిచింది ఆ ప్రభల తీర్థమే. మాఘమాసంలో అంతర్వేది కళ్యాణం. ఊరూరా జాతర్లు, పందిళ్లు, సీరియల్ సెట్లు. ఒక్కరోజు ముచ్చటే కదా అని వెదురు గడకి తీగ చుట్టి, జాయింటుకి ప్లాస్టిక్ కాగితం కట్టి వదిలేస్తే ఆ తీగ కిందే పిల్లలు ఆడుకుంటారు.

2003 విద్యుత్ చట్టం 54వ సెక్షను ఇలాంటి చోట్ల గురించే చెప్పింది. వందమంది, అంతకన్నా ఎక్కువమంది గుమిగూడే చోట 250 వాట్లు, 100 వోల్టులు దాటి కరెంటు వాడాలంటే కనీసం ఏడు రోజుల ముందు ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరుకీ, జిల్లా మేజిస్ట్రేటుకీ రాతపూర్వకంగా తెలియజేయాలి. ఉత్సవ కమిటీలు మైకుకి అనుమతి తీసుకోవడం మరిచిపోవు. దీన్నీ ఆ జాబితాలో చేర్చుకుంటే సరి.

ఏరు దాటితే మరో సర్కారు

ఎదుర్లంక దగ్గర గౌతమి మీద వంతెన దాటితే యానాం. భాష ఒకటే, చుట్టరికాలు ఒకటే. కరెంటు మాత్రం పుదుచ్చేరి విద్యుత్ శాఖది. లైసెన్సు ఇచ్చేదీ గుర్తించేదీ ఏ ప్రభుత్వానికి ఆ ప్రభుత్వమే కాబట్టి, ఇటు పర్మిటు ఉన్నవాళ్లు అటు పని ఒప్పుకునేముందు అక్కడ అది చెల్లుతుందో లేదో కనుక్కోవాలి.

సముద్రం దాటితే ఇంకా పట్టింపు. కోనసీమ నుంచి గల్ఫ్ వెళ్లేవాళ్లలో ఎలక్ట్రీషియన్లూ ఉన్నారు. సౌదీ అరేబియా 2021లో నైపుణ్య పరీక్షల విధానం మొదలుపెట్టింది. ఇప్పుడు మన దేశం నుంచి వెళ్లే ఎలక్ట్రీషియన్లు, ప్లంబర్ల లాంటివాళ్లు ఆ పరీక్ష పాసవ్వాలి. ఇంగ్లండు, వేల్స్‌లలో 2005 నుంచి ఇళ్లలో వైరింగు పని భవన నిబంధనల కిందికి వచ్చింది. దుబాయ్ వెళ్లాలంటే సర్టిఫికెట్ కోసం పరుగులు పెట్టే కుర్రాడికి, సొంతూళ్లో కన్నవాళ్ల ఇంటికి తీగ లాగడానికి అది అక్కర్లేదని అనిపించడమే విచిత్రం.

మొహమాటం లేకుండా అడగండి

• వైర్‌మన్ పర్మిటు, కాంట్రాక్టరు లైసెన్సు చూడండి. నంబరు, గడువు రాసి పెట్టుకోండి.
• తీగలు ఎటునుంచి ఎటు వెళ్లాయో చిన్న పటం గీయించుకోండి. గోడలో మూసేముందు ఫొటోలు తీయండి.
• ఏసీ, గీజరు, మోటారుకి విడి లైన్లు వేయించండి.
• 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. దానిమీదున్న ‘టెస్ట్’ మీట అప్పుడప్పుడూ నొక్కి చూడండి. నొక్కగానే పడిపోవాలి.
• ప్రతి మూడు పిన్నుల ప్లగ్గుకీ ఎర్తు వచ్చిందో లేదో చూపించమనండి.
• జనరేటరు ఉంటే చేంజోవర్ స్విచ్ తప్పనిసరి.
• మెగ్గర్ పరీక్ష మీ ఎదుటే చేయించి, వచ్చిన అంకె రిపోర్టులో రాయించండి.

ఊళ్లో నమ్మకమైన మేస్త్రీకి ఇంకా పర్మిటు లేకపోతే అతణ్ని మాన్పించడం కాదు మందు. లైసెన్సున్న కాంట్రాక్టరు కింద, సూపర్‌వైజరు దగ్గరుండగా, పర్మిటున్న వైర్‌మన్‌కి సహాయకుడిగా పెట్టుకోవచ్చు. పరీక్ష రాయమని చెప్పవచ్చు. ఫీజుకో, నాలుగు రోజుల కూలికో ఓ మాట సాయం, చేతి సాయం చేయవచ్చు. ఇల్లు కట్టడానికి లక్షలు పోసేవాళ్లకి అదేమంత భారం కాదు. ఆ మేస్త్రీ చేతికి పర్మిటు వస్తే అతని సంపాదనా పెరుగుతుంది, అతను తీగ లాగిన ప్రతి ఇంట్లోనూ పిల్లలు ధైర్యంగా స్విచ్చి వేయగలుగుతారు.